అణుయుద్ధ చిత్రణ: దృశ్యం, సాక్ష్యం, నైతికత

ఉపోద్ఘాతం

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఆ తరువాత ఏ యుద్ధంలోనూ అణ్వాయుధ ప్రయోగం జరగలేదు. అందువల్ల అణుయుద్ధం లోకంలో అత్యధికులకు అనుభవం వల్ల తెలిసింది కాదు. చాలామందికి అది సినిమా, టెలివిజన్ చూపిన రూపంలోనే పరిచయం. ఇంతటి వినాశాన్ని తెరపై చూపడం ధర్మమేనా అన్నది ఇక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న. చూపితే బాధితుల వేదన వినోదవస్తువుగా మారే ప్రమాదం ఉంది. చూపకపోతే సత్యం మరుగున పడుతుంది. ఈ సంఘర్షణను కొన్ని ప్రసిద్ధ చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దాచడం, సూచించడం

యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటి వాటిని అంకంలో ప్రత్యక్షంగా ప్రదర్శించరాదని, ప్రవేశకాల ద్వారా తెలియజేయాలని భరతుని నాట్యశాస్త్రం విధించింది. ఈ విధి వినాశాన్ని దాచమనడం లేదు; దానిని సూచించే మార్గాన్ని చెబుతున్నది. దాచడానికీ సూచించడానికీ మధ్య ఉన్న ఈ భేదం అణుయుద్ధ చిత్రాల విషయంలో కీలకమవుతుంది.

బ్రిటన్‌లోని కెంట్ ప్రాంతంపై అణుదాడి జరిగితే ఏమవుతుందో ఊహించి, పీటర్ వాట్కిన్స్ 1965లో బి.బి.సి. కోసం ‘ది వార్ గేమ్’ను వార్తాచిత్ర పద్ధతిలో నిర్మించాడు. టెలివిజన్ ప్రసారానికి అది మరీ భయంకరంగా ఉందంటూ సంస్థ నిలిపివేసింది. ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పురస్కారం పొందినా, 1985 వరకు బ్రిటిష్ టెలివిజన్‌లో ఆ చిత్రం ప్రసారం కాలేదు. ఇక్కడ చూపకపోవడం ఔచిత్యం అనిపించుకోదు. తమ పేరిట సిద్ధమవుతున్న ఆయుధం మనుషులను ఏమి చేయగలదో తెలుసుకునే హక్కు పౌరులకు ఉంది. ప్రేక్షకుల సున్నితత్వాన్ని కాపాడడమనే మాట ఆ హక్కుకు అడ్డు కాకూడదు.

‘ఓపెన్‌హైమర్’ (2023) మరొక తీరును ఎంచుకుంది. హిరోషిమా విధ్వంసం అందులో తెరపైకి రాదు. ఆ విధ్వంస చిత్రాలను ప్రదర్శిస్తున్న గదిలో కథానాయకుడు ముఖం తిప్పుకుంటాడు. ప్రేక్షకునికి కనిపించేది ఆ ముఖమే. దీనిని అపరాధభావ సూచనగా ప్రశంసించినవారూ, జపాన్ బాధితులను అదృశ్యం చేయడంగా విమర్శించినవారూ ఉన్నారు. సూచనగా ఆ సన్నివేశం బలమైనదే. అయితే అది సూచించేది నిర్మాత పశ్చాత్తాపాన్ని; మృతుల వేదన దానికి నేపథ్యంగా మిగిలిపోతుంది. ఎంత చూపారన్న దానితోపాటు, ఎవరి చోటు నుండి చూపారన్నది కూడా విచారించవలసి ఉందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

అద్భుతం నుండి కరుణకు

అణువిస్ఫోటనానికి చిహ్నంగా స్థిరపడినది పుట్టగొడుగు ఆకారపు మేఘం. ఆ మేఘం పూర్తిరూపం దూరాన ఉన్నవారికే కనిపిస్తుంది. దాని కింద ఉన్నవారికి కనిపించదు. అందుచేత మేఘాన్ని మాత్రమే చూపే దృశ్యం, ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, సురక్షితుల చూపును ప్రేక్షకునికి అరువిస్తుంది. ఆ చూపులో పుట్టేది అద్భుతరసం. స్టాన్లీ కుబ్రిక్ ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ (1964) చివర విస్ఫోటనాలను వరుసగా చూపుతూ ఒక తీయని పాటను వినిపించి, ఈ ఆకర్షణనే వ్యంగ్యానికి గురిచేశాడు.

కరుణరసం మేఘం చెదిరిన తరువాత మొదలవుతుంది. 1983 నవంబరు 20న అమెరికాలో ఎ.బి.సి. ప్రసారం చేసిన ‘ది డే ఆఫ్టర్’ను సుమారు 10 కోట్లమంది చూశారు. అందులో అణుదాడి ఘట్టం తరువాత వ్యాపార ప్రకటనలు లేవు. నిజమైన అణుదాడి ఫలితాలు ఇంతకన్నా తీవ్రంగా ఉండవచ్చని చిత్రం చివర తెరపై అక్షరాలలో ప్రకటించారు. తన అసమర్థతను తానే ఒప్పుకోవడం ఆ చిత్రం పాటించిన నిజాయితీ.

మరుసటి ఏడాది బారీ హైన్స్ రచనతో, మిక్ జాక్సన్ దర్శకత్వంలో వచ్చిన ‘థ్రెడ్స్’ షెఫీల్డ్ నగర కుటుంబాల కథ. ఇది దాడితో ఆగక, తరువాతి పదమూడేళ్ల దాకా సాగుతుంది. దాడి తరువాత పుట్టిన పిల్లలు తెగిపోయిన మాటలతో, వ్యాకరణం లేని భాషతో మాట్లాడతారు. శిథిలమైన పాత వీడియో పాఠం ముందు నిశ్చేష్టులై కూర్చుంటారు. వినాశం ఇళ్లనూ దేహాలనూ దాటి భాషను తాకిందని ఈ దృశ్యం చెబుతుంది. తన దుఃఖాన్ని చెప్పుకోవడానికి మాట కూడా మిగలని తరం అది.

మసుజి ఇబుసే నవల ఆధారంగా షోహెయ్ ఇమామురా తీసిన ‘బ్లాక్ రెయిన్’ (1989)లో హిరోషిమా నల్లవానలో తడిసిన యాసుకోకు పెళ్లి సంబంధాలు కుదరవు. ఆమె ఆరోగ్యవంతురాలని రుజువు చేయడానికి మేనమామ పాత దినచర్యను ఎత్తి రాస్తుంటాడు. ఐదేళ్ల కిందటి బాంబు ఒక ఇంట్లో పెళ్లిమాటల మధ్య ఇంకా పేలుతూనే ఉంటుంది. వినాశపు కాలవ్యవధిని ఏ విస్ఫోటన దృశ్యమూ ఇంతగా తెలియజేయలేదు.

యుద్ధానంతర దర్శనం తెలుగు పాఠకునికి కొత్తది కాదు. తిక్కన తెలుగు చేసిన భారతభాగంలో యుద్ధపర్వాల తరువాత స్త్రీపర్వం ఉంది. దివ్యదృష్టితో రణభూమిని చూసే గాంధారికి అక్కడ గెలుపోటములు కనిపించవు. పేరు పేరునా పడి ఉన్నవారు, వారిమీద వాలి ఏడ్చే స్త్రీలు కనిపిస్తారు. యుద్ధపర్వాలలోని పరాక్రమానికి మూల్యం ఎంతో ఈ పర్వం లెక్క చెబుతుంది. అయితే గాంధారి వెనుక ఏడ్చేవారూ, తర్పణం విడిచేవారూ మిగిలారు. ‘థ్రెడ్స్’ ఊహించిన లోకంలో ఆ మిగలడమే సందేహాస్పదం.

ముగింపు

ఇటువంటి చిత్రాలు నిరాశను మాత్రమే మిగులుస్తాయన్న ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. మళ్లీ మళ్లీ చూసిన భయం మొద్దుబారుతుంది. కానీ మొద్దుబారేది ఎక్కువగా విస్ఫోటనాన్ని చూసే చూపు. పెళ్లి ఆగిపోయిన యువతినీ, మాట రాని బిడ్డనూ చూసే చూపు అంత తేలికగా మొద్దుబారదు. అక్కడ ప్రేక్షకుడు గుర్తుపట్టేది తన ఇంటినే. కనుక చిత్రణలోని నైతికతకు దృశ్య తీవ్రత కొలమానం కాజాలదు. మేఘం కింద ఉన్నవారి చోట నిలబడడం, మేఘం చెదిరాక కూడా వారిని విడిచిపెట్టకపోవడం అనే రెండు నియమాలను పాటించిన చిత్రం చూపినా, సూచించినా సాక్ష్యమే అవుతుంది. వాటిని విస్మరించినది ఎంత శక్తిమంతమైనా వేడుకగానే మిగులుతుంది.