అలసిన వాని భాగము

(ధ్యానమునకు: 1 సమూయేలు 30వ అధ్యాయము)



ఒక మనుష్యుడు బలమున్నంత కాలము ఊరికి పనిచేసి, ఆ బలము ఉడిగిన పిమ్మట జబ్బుపడినయెడల వాని మందుల ఖర్చు ఎవరిది? వానిదేనా? వాని బిడ్డలదా? లేక పనిచేయించుకొనిన వారిదా? పురపాలక సంఘములలో పనిచేసి రిటైరైన వారు ఈ ప్రశ్ననే చేతపట్టుకొని కోర్టుల మెట్లు ఎక్కుచున్నారు. ఇది వకీళ్లకు సంబంధించిన మాట అని మనము ప్రక్కకు పెట్టకూడదు. ఇది దేవుని వాక్యము ముందర ఉంచి ఆలోచింపదగిన మాట.

సమూయేలు మొదటి గ్రంథము ముప్పదియవ అధ్యాయములో దావీదు జనులకు పొలములో పడియున్న ఒక ఐగుప్తీయుడు కనబడెను. వాడు మూడు రాత్రింబగళ్లు అన్నము నీళ్లు లేక యుండెను. వాడు ఒక అమాలేకీయుని దాసుడు. జబ్బుపడగానే యజమానుడు వానిని దారిలో విడిచి పోయెను. ఆ యజమానుడు వానిని కొట్టెననిగాని, వాని సొమ్ము దోచుకొనెననిగాని అక్కడ వ్రాయబడలేదు. పని ఆగిపోయినది గనుక సంబంధమును తెగిపోయినదని వాడు తలంచెను. లోకములో నేటికిని నడుచుచున్న లెక్క ఇదే.

అదే అధ్యాయము చివర మరియొక లెక్క కలదు. దావీదు వెంట వెళ్లిన ఆరువందల మందిలో ఇన్నూరుమంది అలసిపోయి బెసోరు వాగు దాటలేక సామాను యొద్ద నిలిచిపోయిరి. తక్కినవారు జయము పొంది సొమ్ముతో తిరిగివచ్చినప్పుడు కొందరు, వీరు మనతో రాలేదు గనుక వీరికి ఆలుబిడ్డలను అప్పగించితే చాలును, సొమ్ములో భాగమియ్యవద్దు అనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమభాగమే అని తీర్చెను. ఆ తీర్పు ఇశ్రాయేలులో కట్టడగా నిలిచెను. దావీదు అలసినవారికి భిక్ష వేయలేదు, భాగము ఏర్పరచెను. దయ ఒకనాడు ఉండును, ఒకనాడు ఉండదు. కట్టడ యైతే రాజు మారినను నిలుచును.

ఇప్పుడు మన పట్టణముల సంగతి చూతము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మునుపు కరీంనగరు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. మన పల్లెలవారము అంగడికి, కచ్చేరికి, దవాఖానకు ఈ పట్టణములకే పోవుదుము. మనము బస్సు దిగునప్పటికి వీధి ఊడ్చియుండును, మోరీ తీసియుండును, కుళాయి నీరు వచ్చియుండును. తెల్లవారక ముందే చీపురు పట్టినవారు ఆ పని చేసిరి. దుమ్ము మ్రింగిన ఊపిరితిత్తులును, చెత్తబండ్లు లాగిన నడుములును వయస్సు మళ్లినప్పుడు ఆ పనికి లెక్క అప్పగించును. అట్టివారు మన సంఘములలోను ఉన్నారు.

వ్యాజ్యము ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొందము. ప్రభుత్వ ఉద్యోగులకును, ప్రభుత్వ సిబ్బందిగా ఎంచబడిన స్థానిక సంస్థలవారికిని, పెన్షనరులకును నగదు లేకుండ వైద్యము జరుగవలెనని 2013లో ఉమ్మడి రాష్ట్రమున ఉద్యోగుల ఆరోగ్య పథకము ఆరంభమైనది. దానికి ముందునుండియు, 1972 నాటి వైద్య నియమముల క్రింద, మొదట మనము ఖర్చుపెట్టి తరువాత బిల్లు పెట్టుకొను పద్ధతి కలదు. కాగితము మీద రెండును మంచివే.

అయితే ఒక పెన్షనరుకు గుండె జబ్బు వచ్చెననుకొనుడి. కార్డు పట్టుకొని పోయినయెడల దవాఖానవారు, మాకు ప్రభుత్వమునుండి బకాయిలు రాలేదు అందురు. అది వట్టి సాకు కాదు. 2025 సెప్టెంబరులో బకాయిల నిమిత్తమే మన రాష్ట్రములోని ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలను కొన్ని దినములు నిలిపివేసినవి. కొడుకులు మిత్తికి అప్పు తెచ్చి ఆపరేషను చేయింతురు. తరువాత బిల్లు పెట్టినయెడల, ఆ దవాఖాన జాబితాలో లేదనియో, ధర మా పట్టికకు మించినదనియో, ఫలాని కాగితము తక్కువ అనియో మాట వచ్చును. ఫైలు ఒక బల్లనుండి మరియొక బల్లకు పోవును. దవాఖాన ప్రభుత్వమును చూపును, కార్యాలయము నిధులను చూపును. అప్పుమీద మిత్తి మాత్రము ఎవరికొరకును ఆగదు. అప్పుడు ఆ వృద్ధుడు హైకోర్టుకు పోవును.

ఈ దేశపు సుప్రీంకోర్టు ఈ విషయమై చెప్పినది మనము తెలిసికొనదగినది. పెన్షను ప్రభుత్వము ఇష్టమైతే ఇచ్చెడి బహుమానము కాదు, ఉద్యోగి హక్కు అని 1971లో బిహారునుండి వచ్చిన వ్యాజ్యములో చెప్పెను. 1982 డిసెంబరు 17న నకారా అను విశ్రాంత ఉద్యోగి తెచ్చిన వ్యాజ్యములో ఐదుగురు న్యాయమూర్తులు ఆ మాటను ఇంకను స్థిరపరచిరి. అందుచేతనే ఆ దినమును పెన్షనరుల దినముగా జరుపుకొందురు. 1995లో రాతినార పరిశ్రమల కార్మికుల విషయమై, పనిలో ఉన్నప్పుడే గాక పని మానిన పిమ్మటను ఆరోగ్యము కార్మికుని ప్రాథమిక హక్కు అని తీర్చిరి. ఆ పని కలిగించు రోగము ఏండ్లు గడచిన తరువాత బయటపడును గనుక, పని మానిన పదునైదు ఏండ్ల వరకైనను కార్మికుల ఆరోగ్య వివరములు భద్రపరచవలెనని ఆజ్ఞాపించిరి. 2018 ఏప్రిల్ 13న ఒక విశ్రాంత అధికారి వ్యాజ్యములో, జబ్బు నిజమా, వైద్యము నిజముగా జరిగినదా అని చూడవలెను గాని, దవాఖాన పేరు జాబితాలో లేదను ఒక్క కారణముచేత బిల్లు త్రోసివేయరాదు అని చెప్పిరి.

ఇంతమాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. 1998లో పంజాబు వ్యాజ్యములో అదే న్యాయస్థానము, ఏ ప్రభుత్వమునకును అంతులేని ధనము లేదు గనుక బిల్లులకు ధర హద్దు పెట్టవచ్చును అని తీర్చెను. ఇందును సత్యమున్నది. పెన్షను లేని విధవరాలికిని, కూలివానికిని అదే ఖజానానుండి వైద్యము జరుగవలెను గదా. ఒకని బిల్లు ఎంతైనను కట్టుము అన్నయెడల మరియొకని మంచము ఖాళీ లేకుండ పోవును. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడినవి. పెన్షనరుకును కూలివానికిని ఒక్క వాకిటనే మంచి వైద్యము దొరుకుటకు అట్టివి తోడగును గనుక అది మేలు. ఆ మేలు పెరిగినకొద్ది ఇట్టి వ్యాజ్యములు తగ్గును.

అయినను హద్దు పెట్టుట వేరు, మాట తప్పుట వేరు. హద్దు ముందుగా చెప్పవలెను. మనుష్యుడు ముప్పది ఏండ్లు పనిచేసి మంచము పట్టిన తరువాత చెప్పిన హద్దు, కూలి చేయించుకొని సాయంత్రము బేరమాడుట వంటిది. కూలివాని కూలి సూర్యుడు అస్తమింపక ముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. బిగబట్టిన కూలి దేవునికి మొఱపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించెను. ముసలితనమున వైద్యము కూలిలో ఆలస్యముగా చెల్లింపవలసిన భాగమే గాని వేరొకటి కాదు.

ధనము తక్కువగుటచేతనే ఈ తగాదాలు వచ్చుచున్నవని తలంపవద్దు. అమెరికాలోని న్యూయార్కు గొప్ప ధనము గల పట్టణము. అక్కడ 2021లో సుమారు రెండున్నర లక్షల మంది విశ్రాంత నగరోద్యోగుల వైద్య ఏర్పాటును ఒక ప్రైవేటు భీమా పథకమునకు మార్పదలచిరి. పట్టణమునకు ఖర్చు తగ్గునని వారి తలంపు. వృద్ధులు, మాకిచ్చిన మాట ఇది కాదని కోర్టుకు పోయిరి. క్రింది కోర్టులు వారి పక్షమున నిలిచెను గాని, 2025 జూనులో ఆ రాష్ట్రపు పై కోర్టు పట్టణము పక్షమున తీర్పు చెప్పెను. అయినను కొద్ది దినములకే ఆ మార్పు చేయబోమని మేయరు ప్రకటించెను. చట్టము చేయనిచ్చినదంతయు చేయదగినది కాదు అను సంగతి ఇందు కనబడుచున్నది.

క్రైస్తవుడు కోర్టుకు పోవచ్చునా అని కొందరు అడుగుదురు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయమును చూపుదురు. అక్కడ పౌలు గద్దించినది సహోదరుడు సహోదరునిమీద వ్యాజ్యమాడుటను. అదే పౌలు, అధికారి తనకు అన్యాయము చేయబోయినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందుననెను. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుటను పెద్దల యెదుటను నిలిచి, మా తండ్రి భాగము మాకియ్యవలెను అని అడిగిరి. దేవుడు వారిని గద్దింపలేదు, వారి మాట యుక్తమే అనెను. కావున బాకీ అడుగుట దురాశ కాదు, అవిశ్వాసమును కాదు. ప్రార్థన చేయువాడు అర్జీ వ్రాయకూడదని ఎక్కడను లేదు. అయితే అబద్ధపు బిల్లు పెట్టి అడుగువాడు తన భాగమును గాక ఇతరుల భాగమును దొంగిలించుచున్నాడు. దానికి దేవుని యెదుట సాకు లేదు.

ఇంతవరకు చెప్పినది కాగితమున్న వారి సంగతి. కాగితము లేనివారి సంగతి ఏమి? ఔట్‌సోర్సింగు క్రింద పనిచేయువారికి ప్రభుత్వ పెన్షను లేదు. వారికున్నది పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. మాత్రమే. 2019 జూలై నుండి ఈ.ఎస్.ఐ. నిమిత్తము కార్మికుని జీతములో నూటికి 75 పైసలు, పనిచేయించువారి వంతు మూడు రూపాయల 25 పైసలు అని ఏర్పరచిరి. కనీసము ఐదేండ్లు ఈ.ఎస్.ఐ.లో ఉండి వయస్సు నిండి దిగినవాడు సంవత్సరమునకు 120 రూపాయలు కట్టినయెడల తనకును భార్యకును వైద్యము పొందుటకు నియమములు వీలు కల్పించినవి. ఈ మాట తెలియక పోగొట్టుకొనినవారు ఉందురు. మరియు గుత్తేదారు సొమ్ము కోసికొని కట్టకపోయిన యెడల ఆ సంగతి జబ్బుపడిన దినముననే బయటపడును. 2025 జనవరి 31న ఘజియాబాదు నగర సంస్థ తోటమాలుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు, ఏండ్ల తరబడి నిత్యముండెడి పని చేయించుకొని, వీరు తాత్కాలికులు అను పేరుతో త్రోసివేయుట తగదని చెప్పి, వారిని తిరిగి పనిలో పెట్టుకొనుమని ఆజ్ఞాపించెను. చీపురు ఒక్కటే, మోరీ ఒక్కటే. ఒకనికి పెన్షను, ఒకనికి ఏమియు లేదు. బెసోరు వాగు కట్టడను ఎరిగినవారు దీనిని చూచి ఊరకుండలేరు.

ఇక మన యింటిని చూచుకొందము. పురపాలక సంఘమును తప్పుపట్టుటకు ముందు, మన పొలములో ఇరువది ఏండ్లు జీతమున్నవాడు మంచము పట్టినయెడల మనము పోయి చూచుచున్నామా? గంట కొట్టి గుడి ఊడ్చిన ముసలివానికి సంఘము ఏ ఏర్పాటు చేసినది? గడపగడపకు నడచి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీ కన్నులు కనబడని దినములలో ఎవరి చేతి ముద్ద తినుచున్నది? దేవునికి అర్పించితిమని చెప్పి తలిదండ్రులను పోషింపనివారిని ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయములో ఎంత కఠినముగా గద్దించెనో చదువుకొనుడి. కానుక పెట్టెలో వేసినది బాకీ తీర్చినట్లు కాదు.

సంఘము చేయదగిన పనులు కొన్ని కలవు. చదువుకొనిన యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు కలిసి మన వృద్ధుల పెన్షను కాగితములు, ఈ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. నంబరు, దవాఖాన రసీదులు ఒక సంచిలో భద్రపరచి యుంచవలెను. పనిలో ఉన్నవారి సొమ్ము నెలనెలా జమ అగుచున్నదో లేదో ఇప్పుడే చూడవలెను. జబ్బుపడిన తరువాత చూచుట వ్యర్థము. అర్జీ వ్రాయలేని వానికి వ్రాసిపెట్టవలెను. కచ్చేరికి ఒంటరిగా పోవు ముసలివాని వెంట ఒకడు పోవలెను. తోడు మనిషి యున్నచోట గుమాస్తా మాట కొంచెము మెత్తబడును. న్యాయసహాయము కావలసిన బీదవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పరచును. మరియు తీర్పు వచ్చువరకు ఆ యింటి పొయ్యి ఆరిపోకుండ చూచుట మన వంతు.

మన సంఘస్థులలో అధికారులుగాను, గుమాస్తాలుగాను ఉన్నవారు కలరు. వారికి మేము వినయముతో చెప్పునది ఇది: మీ బల్లమీది ఫైలును కాగితముగా ఎంచకుడి. దాని వెనుక వాగు దాటలేక కూర్చున్న ఒక మనుష్యుడున్నాడు. మీరు ఈ దినము వ్రాయు ఒక్క సంతకము అతని అప్పుమీద ఒక నెల మిత్తిని ఆపును.

బలమున్న దినములలో మనమందరము, అలసినవారు వేరే జాతి అన్నట్లు మాటలాడుదుము. మరికొన్ని ఏండ్లకు మనమును సామాను యొద్ద కూర్చుండవలసిన వారమే. ఆనాడు మన బిడ్డలు మనకు ఏ కట్టడ ప్రకారము భాగము పెట్టుదురో, ఆ కట్టడను ఈనాడు మనమే వ్రాయుచున్నాము. న్యాయముగా వ్రాయుటకు ప్రభువు మనకు మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.