సాధనాలు సహనానికి విరుద్ధమా?

చూపు, వినికిడి, కాళ్ల సత్తువ అల్లాహ్ అనుగ్రహాలు. వాటిలో ఏది లోపించినా అది ఆయన పెట్టిన పరీక్షే. ఇందులో సందేహం లేదు. కాని కొందరు దీనికి మరో మాట జోడిస్తుంటారు: "రాసిపెట్టినదానికి సబర్ చేయాలిగాని, యంత్రాల మీద ఆధారపడటమెందుకు?" అని. ఈ ఆలోచన ఎంతవరకు సబబు?

హజ్రత్ అర్ఫజా (రజి) గారికి ఇస్లాంకు పూర్వం కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. ఆయన వెండి ముక్కు అమర్చుకుంటే అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమని మనకు తెలుసు. అవసరం దగ్గర ఆ నిషేధాన్నే సడలించిన ధర్మం, చక్రాల కుర్చీని కాదంటుందా? కళ్లజోడు పెట్టుకుని ఖుర్ఆన్ పారాయణం చేసే మనం, కృత్రిమ కాలుతో నడిచేవారిని పరాధీనులనడం న్యాయమా?

రెండో అపోహ ఖర్చును గురించి. అవన్నీ ధనవంతులకేనని చూపులేని పిల్లల చదువు మాన్పించేవారున్నారు. కంప్యూటర్ తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో ప్రారంభించారు. ఆయన కూడా అంధుడే. అది ఉచితంగా లభిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది.

మూడో అపోహ అన్నిటికన్నా పెద్దది: సాధనం ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోయిందనుకోవడం. తార్నాక మెట్రో స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది. కాని కిందికి దిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్లే దారిలో ఫుట్‌పాత్‌కు అడ్డంగా మనమే బండి నిలిపితే ఆ లిఫ్ట్ ఏం ప్రయోజనం? 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ కట్టడం మనకు గర్వకారణం. ఆ రాతి మెట్లు నడిచేవారికి అందం, చక్రాల కుర్చీకి గోడ. ప్రజలు వాడే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

మరి మన మస్జిదుల సంగతి? అంధులైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనాలో అజాన్ పలికేవారు. మన గుమ్మం దగ్గరి మూడు మెట్లు ఎంతమందిని ఇంటికే పరిమితం చేస్తున్నాయో ఆలోచించాలి. చక్రాలకు అశుద్ధం అంటి ఉంటుందన్న సంకోచముంటే అక్కడ నీళ్లు, గుడ్డ ఉంచవచ్చు. మనిషినే ఆపనక్కర్లేదు.

మేము విన్నవించేదొకటే. ఈ పరీక్ష వికలాంగులకు మాత్రమే కాదు, మనకు కూడా. వారి సహనం గురించి వారిని అడగడం జరుగుతుంది. మన మెట్ల గురించి మనల్ని అడగడం జరుగుతుంది.