పాట వింటున్నామా, మన వయసును వింటున్నామా?

ఘంటసాల గొంతు వినపడగానే చాలామందికి కళ్లు చెమరుస్తాయి. దూరదర్శన్‌లో వచ్చిన పాటల కార్యక్రమం చిత్రలహరి పేరెత్తితే చాలు, యాభై దాటినవాళ్ల మాటతీరే మారిపోతుంది. ఒకే ఒక్క చానల్, వారానికోసారి నాలుగు సినిమా పాటలు, అయినా ఆ తృప్తి ఇప్పుడేదీ అని నిట్టూరుస్తారు. ఈ మమకారాన్ని మనం రసికత కింద జమకట్టుకుంటాం. పాత పాటకు కన్నీళ్లు పెట్టుకున్నవాడు గొప్ప రసహృదయుడని ఒకరినొకరం మెచ్చుకుంటాం కూడా. మన అలంకారశాస్త్రం లెక్కలో మాత్రం అది రసికత కాదు సరిగదా, రసానికి అడ్డు. ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు. కానీ పాత పాటల మీద నిజంగా గౌరవమున్నవాళ్లు దీన్ని దాటవేయడానికి లేదు.

పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో మొదలుపెడదాం. అందులో జ్ఞాపకమంటే సంస్కారం ఒక్కదానివల్లే పుట్టే జ్ఞానం. ఎదుట వస్తువు ఉండనక్కర్లేదు. లోపలి సంస్కారమూ మేల్కొని, ఎదుట వస్తువూ ఉంటే దానికి తార్కికులు పెట్టిన పేరు వేరు, అది ప్రత్యభిజ్ఞ. ఎప్పుడో చూసిన దేవదత్తుణ్ణి మళ్లీ చూసి ఆయనే ఈయన అని పోల్చుకోవడం లాంటిది. పాత పాట మళ్లీ వినడం న్యాయంగా ఈ రెండో కోవలోకి రావాలి, ఎందుకంటే పాట ఎదుటే మోగుతోంది. ఆచరణలో జరిగేది మరొకటి. పల్లవి మొదటి మాట చెవిన పడగానే మనసు కాలేజీ రోజుల్లోకి వెళ్లిపోతుంది, చరణం వచ్చేసరికి చెవి అక్కడ ఉండదు. పాట అనే వస్తువు ఉండీ లేనట్టే. తీగ మీటి వదిలేసినట్టు అది సంస్కారాన్ని కదిపి ఊరుకుంటుంది.

వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు భరతుడి నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, రసం అనుభవానికి రాకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడని చెప్పాడు. వాటిలో రెండు అచ్చంగా మనల్ని చూసి రాసినట్టుంటాయి. ఎదుట జరుగుతున్నదాన్ని ఇది నాది, లేదా ఫలానావాడిది అని ఒక ఊరికీ ఒక కాలానికీ కట్టేసుకోవడం ఒకటి. సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి దానిమీద మనసు నిలపలేకపోవడం ఇంకొకటి. ఆయన దృష్టిలో రసం ఎవరి సొంత ఆస్తీ కాదు. రంగం మీది దుఃఖాన్ని చూసి కరిగిపోతున్నవాడికి ఆ కాసేపూ తన వయసు, తన ఊరు, తన అప్పులు గుర్తుండవు. అవి గుర్తున్నంతసేపూ నడుస్తున్నది సొంత గొడవే. ఇందులో ఒక వింత ఉంది. సొంత సుఖదుఃఖాల్లో మునిగినవాణ్ణి బయటికి లాగడానికి ఆయన చెప్పిన మందుల్లో పాటా వాద్యమూ ఉన్నాయి. ఆ మందునే మనం తిరగేసి వాడుతున్నాం. మన గొడవలోంచి బయటపడటానికి కాదు, అందులో ఇంకా లోతుగా మునగడానికి పాట పెట్టుకుంటున్నాం.

ఇది పండితుల ఊహ మాత్రమే కాదు. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు రకరకాల వయసులవాళ్లకు రకరకాల కాలాల హిట్ పాటలు వినిపించి ఏవి ఎంత నచ్చాయో అడిగారు. తమకు 23, 24 ఏళ్లప్పుడు వచ్చిన పాటల దగ్గరే వినేవాళ్ల ఇష్టం తారస్థాయిలో ఉంది. ఎవరి స్వర్ణయుగం వాళ్ల డిగ్రీ సర్టిఫికెట్ మీది సంవత్సరానికి అటూ ఇటూగా ఉంటుందన్నమాట. అలాగని ఆ పాటల్లో సరుకు లేదనుకోనక్కర్లేదు. ఉందనడానికి పిల్లలే సాక్ష్యం. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా వేదిక మీద పసివాళ్లు తాతలనాటి పాటలు పాడారు. వాళ్లకు ఆ కాలం తాలూకు జ్ఞాపకం ఏ కోశానా లేదు. వాళ్లను పట్టుకున్నది పాటే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వాళ్లకు దిద్దిందీ పాటనే, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాటను ఎక్కడ విరవకూడదో.

కరుణశ్రీ పుష్పవిలాపం తీసుకోండి. పూజకని కోయడానికి వచ్చిన మనిషితో పూలు మొరపెట్టుకుంటాయి. దేవుడి పేరిట చేసే హింసను దేవుడికి అర్పించబోయే పూలచేతే నిలదీయించిన పద్యాలవి. నాటకాలవాళ్లు పద్యం చివర రాగాన్ని సాగదీసి చప్పట్లు కొట్టించుకునే అలవాటును ఘంటసాల పక్కనపెట్టారు. రాగాన్ని కుదించి, మాట మాటా తెలిసేలా పాడారు. ఆ రికార్డు వింటూ మా స్కూలు వార్షికోత్సవంలో ఇవే పద్యాలు పాడేవాళ్లం అని మురిసిపోయేవాడికి పూలు అడిగిన ప్రశ్న వినపడనే లేదు. మర్నాడు పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని పక్కింటి గోడ దగ్గర నిలబడేదీ తరచుగా ఆయనే.

దీనికి కాళిదాసునే అడ్డుపెట్టి వాదించవచ్చు. శాకుంతలం ఐదో అంకంలో హంసపదిక పాట వినగానే దుష్యంతుడికి ఎందుకో బెంగ పుడుతుంది. సుఖంగా ఉన్నవాడికి కూడా ఇలా అవుతుందేమిటి, ఏ పూర్వజన్మ స్నేహాలో తెలియకుండానే గుర్తొస్తున్నాయేమో అనుకుంటాడు. పాటకూ పాత బెంగకూ ఉన్న లంకెను అంతటి కవి ఒప్పుకున్నాక మధ్యలో నీ పేచీ ఏమిటని అడగవచ్చు. ఆ శ్లోకాన్ని అభినవగుప్తుడు కూడా ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, ఇక్కడి స్మృతి తార్కికులు చెప్పే స్మృతి కాదని తేల్చాడు, ఆ విషయం ఇదివరకు అనుభవంలోకి వచ్చింది కాదు గనక. దుష్యంతుడి బెంగకు చిరునామా లేదు. శాపంవల్ల శకుంతలను మరిచాడని మనకు తెలుసుగానీ ఆయనకు తెలియదు. మన బెంగకో, ఊరు, వీధి, సంవత్సరం, పక్కన కూర్చున్న మనిషి పేరు, అన్నీ ఉన్నాయి. చిరునామా లేని బెంగ గనకనే నాటకశాలలో పదిమందీ దాన్ని తమదిగా పంచుకోగలుగుతారు.

భక్తుల అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం పొద్దున రామానంద్ సాగర్ రామాయణం వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. స్నానాలు చేసి, టీవీకి దండవేసి, హారతిచ్చి చూసిన ఇళ్లున్నాయి. ఆ ఆదివారాల్ని తలచుకోవడం రామస్మరణ కాదా, నవవిధ భక్తుల్లో స్మరణం ఒకటి కాదా అంటారు. ఒకటే. కానీ స్మరణం దేవుణ్ణి ఇప్పటికిప్పుడు ఎదుటికి రప్పిస్తుంది. ఆ తొమ్మిదీ చెప్పిన ప్రహ్లాదుడు, ఆ రోజుల్లో హరి ఎంత బాగుండేవాడో అనలేదు. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ఆ ధారావాహికను మళ్లీ వేస్తే, మొదటిసారికి పుట్టనివాళ్లు కూడా చూశారు. ఒకే ఇంట్లో తాతకు తన 1987 కనిపిస్తే, మనవడికి అడవికి పోతున్న రాజకుమారుడు కనిపించాడు. ఆ పూట వాల్మీకికి దగ్గరగా కూర్చున్నది మనవడే.

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాడికి ఆ పాటే పుట్టిల్లు, కాస్త ఊరట పొందితే తప్పేమిటన్న మాటను నేను కొట్టిపారేయను. ఊరటతో నాకు తగాదా లేదు. ఊరట తీర్పుగా మారి, ఈ కాలం పాటలూ పాటలేనా అనడం దగ్గరే తగాదా. కాలం జల్లెడపట్టి మిగిల్చినవాటిని నిన్న విడుదలైనవాటితో పోల్చడం ఎలాగూ అన్యాయమే. దానికన్నా పెద్ద నష్టం పాత పాటలకే, మెచ్చుకుంటూనే వాటిని వినడం మానేశాం. 1957 నాటి మాయాబజార్‌కు నాలుగు బాణీలు కట్టాక సాలూరి రాజేశ్వరరావు తప్పుకుంటే, మిగతావి ఘంటసాల పూర్తిచేశారు. ఏవి ఎవరివో చెవితో పోల్చుకోవాలని చూసినవాళ్లు ఆ సినిమా అభిమానుల్లో ఎందరుంటారు? ఈసారి ఆ పాటలు పెట్టుకున్నప్పుడు, మొదట ఎప్పుడు ఎక్కడ విన్నారన్నది కాసేపు పక్కనపెట్టి, ఆ ఇద్దరి పనినీ వేరుచేసి వినడానికి ప్రయత్నించండి.