దత్తబిడ్డ పేర దాచే సొమ్ము

కడుపున పుట్టని బిడ్డను తెచ్చి పెంచుకునే దంపతులు ఆ బిడ్డ కోసం దాచే సొమ్ము ధర్మం దృష్టిలో ఎవరిది? పెంచినవారు ప్రేమకొద్దీ ఇచ్చేదా, ఇచ్చి తీరవలసినదా? ఈ ప్రశ్నలో రెండు చిక్కులున్నాయి. గృహస్థు రేపటి కోసం కూడబెట్టడం అసలు ధర్మమేనా అన్నది ఒకటి. కూడబెట్టినదాని మీద దత్తబిడ్డకు హక్కు ఎక్కడినుంచి వస్తుందన్నది రెండోది. రెండోది తేలితే మొదటిది సగం తేలినట్టే కాబట్టి దాంతోనే మొదలుపెట్టాలి.

వైదిక సంప్రదాయం మనిషిని మూడు రుణాలతో పుట్టినవాడిగా చూస్తుంది. ఋషుల అప్పు చదువుతో, దేవతల అప్పు యజ్ఞంతో, పితరుల అప్పు సంతానంతో తీరుతుందని తైత్తిరీయ సంహిత చెబుతుంది. గోదావరి డెల్టాలో ఈ మూడో అప్పు పుస్తకాలకు పరిమితమైన మాట కాదు. పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి ఆలయంలోని పాదగయకు పిండప్రదానాల కోసం జనం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. పన్నెండేళ్లకోసారి పుష్కరాలు వచ్చినప్పుడు ఇటు రాజమహేంద్రవరం రేవుల్లో, అటు కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో నువ్వులూ నీళ్లూ వదిలే చేతులకు లెక్క ఉండదు. సంతానం లేనివారికి ఈ అప్పు తీర్చే దారిగా శాస్త్రం దత్తతను చూపింది. ఒరిస్సాకు చెందిన అమరేంద్ర మాన్‌సింగ్ కేసులో 1933లో ప్రీవీ కౌన్సిల్ కూడా ఇదే మాట తేల్చింది: దత్తతకు మూలం వంశం పట్ల, పితృకర్మల పట్ల ఉన్న విధి, ఆస్తి దాని వెంట వచ్చేదే తప్ప దానికి కారణం కాదు.

సంప్రదాయవాదులు ఈ సిద్ధాంతాన్ని పెద్దల వైపు నుంచే చదువుతూ వచ్చారు. బిడ్డ వైపు నుంచి చదివితే అర్థం మారుతుంది. తన అప్పు తీర్చమని మనిషి ఇంకొకరిని ఇంటికి పిలిస్తే, పిలిచినవాడే వచ్చినవారికి బాకీ పడతాడు. రెండేళ్ల పిల్లకు ఎవరి పితృరుణంతోనూ పని లేదు. ఆమె తనంతట తాను ఆ గడప తొక్కలేదు. అవసరం పెద్దలది, రాక బిడ్డది. దత్తబిడ్డ పేర దాచే ప్రతి రూపాయికీ మూలం ఈ బాకీయే.

దత్తత తంతులోనే ఈ భావం ఉంది. శౌనకుడు చెప్పిన విధి ప్రకారం తీసుకునే తండ్రి బంధువులనూ ఊరి పెద్దలనూ పిలిచి, ఇచ్చేవారిని నోరు తెరిచి అడగాలి. ఇచ్చాక బిడ్డను రెండు చేతులా అందుకుని, తల మూర్కొని, కొత్త బట్టలు కట్టి, నగలు పెట్టి, పాటలూ వాద్యాల మధ్య ఇంట్లోకి తీసుకెళ్లాలి. హోమం ఆ తర్వాత. బిడ్డ వెంట ధనం వచ్చే మాటే ఇందులో లేదు. మొదట ఖర్చుపెట్టేది తీసుకున్నవాడే, పెట్టేది బిడ్డ ఒంటిమీదే. పాత స్మృతులు పన్నెండు రకాల కొడుకులను లెక్కపెట్టి, వారిలో డబ్బిచ్చి కొన్న ‘క్రీత’ పుత్రుణ్ణి కూడా చేర్చాయి. కలియుగంలో ఔరసుడు (కన్నకొడుకు), దత్తుడు తప్ప మిగిలినవారు చెల్లరని తర్వాతి నిబంధకారులు తీర్మానించారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 17వ సెక్షన్ దత్తత కోసం సొమ్ము ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నేరంగా చేసింది. బిడ్డ కోసం ఎంతైనా ఖర్చుపెట్టవచ్చు, బిడ్డను మాత్రం కొనరాదు. శాస్త్రం చివరికి చేరిన గీత ఇది, చట్టం నిలబెట్టినదీ ఇదే.

కొన్న బిడ్డ దత్తబిడ్డ అయిన కథ ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది. ఆంధ్రుల పేరు కనిపించే అతి ప్రాచీన గ్రంథాల్లో అదొకటి కాబట్టి తెలుగువారు దాన్ని శ్రద్ధగా చదవాలి. హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు వరుణుడికి బలి కావలసి ఉండగా, తన బదులు ఇవ్వడానికి ఆకలితో ఉన్న అజీగర్తుడి దగ్గర నూరు ఆవులిచ్చి శునఃశేపుణ్ణి కొన్నాడు. పెద్దకొడుకును తండ్రి వదులుకోనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి వదులుకోనంది, నడిమివాడు అమ్ముడుపోయాడు. యూపానికి (బలికంబానికి) కట్టడానికి ఇంకో నూరు, నరకడానికి మరో నూరు ఆవులు పుచ్చుకుని కత్తి పట్టినవాడు కూడా ఆ తండ్రే. దేవతల దయవల్ల కట్లు తెగాక శునఃశేపుడు విశ్వామిత్రుడి ఒడిలో కూర్చున్నాడు. తండ్రి వెనక్కి రమ్మంటే, నీ చేతిలో కత్తి చూశానని చెప్పి వెళ్లలేదు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి, తన నూటొక్క మంది కొడుకుల పైన పెద్దవాణ్ణి చేశాడు. మధుచ్ఛందుడూ అతనికంటే చిన్నవారూ ఒప్పుకున్నారు. పెద్దవారు యాభైమంది ఒప్పుకోలేదు. తండ్రి వారిని శపించగా వారి సంతతి అంచుల్లోకి పోయి ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని గ్రంథం చెబుతుంది.

దీన్ని చరిత్రగా తీసుకోవలసిన పని లేదు; ఒక జాతిని కించపరిచే శాపంగా పట్టించుకోనూ అక్కర్లేదు. కథ పట్టుకున్న తప్పు మాత్రం నిజమైనది: తెచ్చుకున్న బిడ్డకు వాటా ఇవ్వడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవడం. దేవరాతుడికి దక్కిన వారసత్వం రెండు రకాలన్న సంగతి కూడా గ్రంథం విడిగా చెబుతుంది. జహ్నువుల ఆధిపత్యం ఒకటి, గాథినుల వేదవిద్య మరొకటి. పెంచిన తండ్రి బాకీ ఆస్తితోనే తీరలేదు, చదువుతోనే తీరలేదు. రెండూ ఇచ్చాకే తీరింది.

ఈ తప్పు డెల్టాలో ఎంత దూరం వెళ్లిందో పిఠాపురం సంస్థానం వ్యాజ్యాలు చూపుతాయి. జమీందారు రావు గంగాధర రామారావు బిడ్డలు లేక ఒక బాలుణ్ణి దత్తత చేసుకున్నాడు. తర్వాత 1885లో ఆయనకు కొడుకు పుట్టాడు. 1890లో కన్నుమూసేనాటికి జమీందారీ మొత్తం ఆ కొడుక్కే చెందేలా వీలునామా రాశాడు. దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. మైనరు తరఫున కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ప్రతివాది. 1899లో ప్రీవీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని తీర్పిచ్చింది. పంపకానికి వీల్లేని సంస్థానం కాబట్టి జమీందారు దాన్ని తన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చన్నది కారణం. కథ అక్కడితో ఆగలేదు. ఆ దత్తపుత్రుడి కొడుకు సంస్థానం నుంచి మనోవర్తి అడిగితే, ఆ హక్కూ లేదని 1918లో అదే న్యాయస్థానం చెప్పింది. ఈ రెండు తీర్పులనూ భారతదేశమంతటా న్యాయవాదులు ‘పిట్టాపూర్ కేసులు’ అని చదువుకున్నారు.

శాస్త్రం ఈ పరిస్థితిని ఊహించకపోలేదు. దత్తత తర్వాత ఔరసుడు పుడితే దత్తుడికి నాలుగో భాగం ఇవ్వాలని వసిష్ఠ ధర్మసూత్రం చెప్పింది. అదీ తక్కువే, కానీ శూన్యం కాదు. పిఠాపురంలో న్యాయసూత్రం గెలిచింది, ధర్మసూత్రం ఓడింది. పితరుల అప్పు తీర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే ఊళ్లోనే పిలిచి తెచ్చుకున్న బిడ్డ బాకీ తీరకుండా మిగిలింది. వీలునామాతో సంస్థానం దక్కిన సూర్యారావు పెద్దవాడై కాకినాడ కళాశాలను పోషించాడు, తెలుగు నిఘంటువుకు ధనమిచ్చాడు, సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడి సాంగత్యంలో కాకినాడలో అనాథ పిల్లలకు ఆశ్రయం కల్పించాడు. ఆ మంచిని తక్కువ చేయడానికి లేదు. కానీ దానం వేరు, బాకీ వేరు.

నేటి చట్టం పాత అన్యాయాన్ని చాలావరకు సరిచేసింది. 1956 చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి బిడ్డ అన్ని విధాలా ఆ ఇంటి బిడ్డే. ఆ ఏడాదే వచ్చిన హిందూ వారసత్వ చట్టం కింద కన్నబిడ్డతో సమానంగా వాటా వస్తుంది. అయితే 13వ సెక్షన్ ఒకటుంది. దత్తత తీసుకున్నంత మాత్రాన తమ ఆస్తిని అమ్ముకునే, రాసిచ్చే అధికారం తల్లిదండ్రులకు పోదని అది చెబుతుంది. అంటే పిఠాపురం జమీందారు చేసిన పని స్వార్జితం విషయంలో ఈనాటికీ చేయవచ్చు. చట్టం ఆ తలుపు తెరిచే ఉంచింది. మూయగలిగింది పెంచినవారి మనస్సాక్షి ఒక్కటే. బిడ్డ పేరనే దాచాలనడానికి కారణం ఇది.

ఇక మొదటి చిక్కు. కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకుమించి నాదన్నవాడు దొంగ అని భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థధర్మం చెబుతూ అంటాడు. లంకల గన్నవరంలో దొక్కా సీతమ్మ వచ్చినవారికల్లా అన్నం పెట్టిన నేల ఇది. ఈ మాటను తేలిగ్గా తీసేయడం కుదరదు. పెంపుడు బిడ్డ పేరు చెప్పి పొలాల మీద పొలాలు కొంటూ గుమ్మంలో ఆకలిని చూడని ఇంటికి నారదుడి మాట తగులుతుంది. కానీ ఆ కొలత ‘నాది’ అన్న భావానికి పెట్టిన కొలత. బిడ్డ పేర, బిడ్డ అవసరానికి, బిడ్డకు తప్ప ఎవరికీ దక్కకుండా దాచిన సొమ్ము దాచినవారిది కానే కాదు. అది వారి దగ్గర నమ్మకంతో ఉంచిన న్యాసం. ధనంతో అమృతత్వం రాదని మైత్రేయికి చెప్పిన యాజ్ఞవల్క్యుడు కూడా ఇల్లు విడిచేముందు ఇద్దరు భార్యలకూ ఆస్తి పంచాలనే అనుకున్నాడు. వైరాగ్యం కూడా బాకీలు తేల్చాకే బయల్దేరుతుంది. సంతానం లేని కందుకూరి వీరేశలింగం, రాజ్యలక్ష్మమ్మ దంపతులు ఆదరువు లేని ఎందరికో రాజమహేంద్రవరంలో తమ ఇంటినే నీడ చేశారు. ఆయన 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి తన ఆస్తిని దానికి రాసిచ్చాడు. తన తర్వాత ఎవరి దయమీదా ఆధారపడకుండా ఆ ఆశ్రయం నిలవాలన్న ఆలోచన అందులో ఉంది.

ఇతర మతాలు వేరే దారుల్లో ఇక్కడికే వస్తాయి. ఇస్లాంలో పెంచుకున్న బిడ్డ కన్నవారి పేరునే ఉంచుకోవాలి. సహజ వారసత్వం రాదు. అయితే యజమాని తన ఆస్తిలో మూడో వంతు వరకు వసియ్యతుగా (వీలునామాగా) రాయవచ్చు, బతికుండగానే హిబా (దానం) చేయవచ్చు. అనాథల సొమ్ము తిన్నవారు కడుపులో నిప్పు నింపుకున్నట్టేనని ఖురాన్ హెచ్చరిస్తుంది. పౌలు రాసిన పత్రికల్లో దత్తపుత్రుడు, వారసుడు అన్న రెండు మాటలూ విడదీయరానివి. అయినా క్రైస్తవులకు ఈ దేశంలో చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టమే దిక్కు. దాని కింద పెంచినవారు సంరక్షకులే తప్ప తల్లిదండ్రులు కారు. బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత చేసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ చట్టం దారిన వచ్చే బిడ్డ విషయంలో కాలం కూడా లెక్కలోకి వస్తుంది. 2022 దత్తత నియమాల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డను తీసుకునే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. చాలామంది ఏళ్లతరబడి వైద్యం చేయించుకుని, ఆపైన వరుసలో ఎదురుచూసి, ఆ అంచుకు దగ్గరగా వచ్చాకే బిడ్డను ఎత్తుకుంటారు. తండ్రికి 44, తల్లికి 41 అనుకుంటే బిడ్డ ఇంజనీరింగులో చేరేనాటికి తండ్రికి అరవై దాటుతుంది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగికైతే 62కి పదవీ విరమణ. పాతికేళ్లకు తల్లిదండ్రులైనవారికి ఉండే వ్యవధి వీరికి ఉండదు కాబట్టి ఆలస్యం చేయడానికి లేదు. అలాగని మొదటి ఏడాదే పొదుపు పేరిట ఓవర్‌టైమ్ చేస్తూ బిడ్డను ఆయా చేతిలో పెట్టడం తప్పు. కొత్త ఇంటికి వచ్చిన పసిబిడ్డ రాత్రిపూట లేచి చూస్తే కనిపించవలసినవి అవే రెండు ముఖాలు. ఆ ఏడాది తగ్గే ఆదాయాన్ని నష్టం కింద రాయకూడదు. బారసాలా, మొదటి పుట్టినరోజూ ఊరంతా చెప్పుకునేలా చేయాలన్న ఉబలాటం తగ్గించుకుంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది.

డెల్టాలో పొదుపంటే కాసు బంగారం, చీటీ, నాలుగు సెంట్ల స్థలం. మూడూ సాధారణంగా పెద్దల పేరే ఉంటాయి. చీటీ పాడుకున్న సొమ్ము ఇంటి స్లాబుకు పోతుంది, బంగారం పంట పెట్టుబడికి తాకట్టులోకి పోతుంది. దత్తబిడ్డ విషయంలో ఇది చాలదు. తపాలా కార్యాలయంలో పదేళ్లలోపు ఆడపిల్ల పేర 250 రూపాయలతో సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు సొమ్ము చేతికొస్తుంది, పద్దెనిమిదేళ్లు నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. దత్తత ఉత్తర్వు తర్వాత జనన ధ్రువపత్రం పెంచిన తల్లిదండ్రుల పేరనే వస్తుంది కాబట్టి పాస్‌బుక్కు మీద పేరూ అదే ఉంటుంది. ఆ చిన్న పుస్తకం ధర్మశాస్త్రం చెప్పిన న్యాసానికి ఈ కాలపు రూపం.

ముసలితనంలో చూస్తుందన్న లెక్కతో దాస్తే న్యాసం మళ్లీ పెట్టుబడి అవుతుంది. పెంచిన తల్లిదండ్రులను పోషించే బాధ్యత పిల్లలదేనని 2007 నాటి చట్టం ఎలాగూ చెబుతోంది. దాన్ని పాస్‌బుక్కుకు ముడిపెట్టి బిడ్డకు గుర్తుచేస్తూ ఉండడం పెంపకాన్ని పాడుచేస్తుంది.

కోనసీమ నుంచి కొల్లేటి గట్టుదాకా అన్న బిడ్డనో అక్క బిడ్డనో మాటమీద తెచ్చి పెంచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం జరిగితే చట్టానికి చాలు, హోమం కూడా తప్పనిసరి కాదు. కానీ అది జరిగిందని ముప్పై ఏళ్ల తర్వాత దాయాదులు కాదంటే రుజువు చేయవలసింది ఆ బిడ్డే. ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ సంతకం చేసి రిజిస్టరు చేయించిన పత్రం ఉంటే దత్తత సక్రమంగా జరిగిందనే కోర్టు భావించాలని 16వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి రెండిళ్ల పెద్దలూ బతికుండగానే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి ఆ పత్రం రాయించండి. దాంతోపాటే వీలునామా కూడా రాయండి.