బ్యాంకు ఇస్తానన్నదంతా తీసుకోకు నాన్నా

సెలైనాలో కొత్త కమ్యూనిటీలో ఇల్లు చూశామని, తూర్పు ముఖమని, పిల్లాడు బడికి నడిచే వెళ్లొచ్చని నువ్వూ కోడలూ చెబుతుంటే ఎంత సంతోషమేసిందో. తప్పకుండా కొనండి. గోడకి మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాల్సిన అద్దె బతుకు ఇంకెన్నాళ్లు? కాకపోతే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇళ్లు కొనడం, కొన్నాక పడే పాట్లు దగ్గరుండి చూస్తున్నవాణ్ణి. సంతకాలకి ముందే నాలుగు మాటలు చెప్పనీ.

మీ ఇద్దరి జీతాలు చూసి ఏడున్నర లక్షల డాలర్ల దాకా లోను ఇస్తామన్నారన్నావు. నీది హెచ్1బీ వీసా, కోడలిది హెచ్4 మీద వచ్చిన వర్క్ పర్మిట్. అంటే జీతాలు రెండైనా ఆధారం ఒక్కటే. నీ ఉద్యోగం పోతే మరో కంపెనీ పిటిషన్ వేయడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ లోపు కుదరకపోతే ఆమె ఉద్యోగమూ ఆగిపోతుంది. లోను ఇచ్చేవాడికి ఈ భయం ఉండదు, మనకుండాలి. అందుకని నీ ఒక్కడి జీతంతో కిస్తీ గడిచే ఇల్లే చూడు. డౌన్ పేమెంట్ కట్టేశాక కూడా ఆరు నెలల కిస్తీల డబ్బు విడిగా మిగలాలి. మిగలదనిపిస్తే ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు కొనండి.

తక్కువ డౌన్ పేమెంట్‌తో దొరికే ఎఫ్‌హెచ్‌ఏ లోను 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేనివాళ్లకి ఇవ్వడం లేదు. కన్వెన్షనల్ లోనే మనకి దారి. అందులో 20 శాతం కన్నా తక్కువ కడితే నెలనెలా పీఎంఐ (మార్ట్‌గేజ్ ఇన్సూరెన్సు) పడుతుంది.

ఇక అసలు సంగతి ప్రాపర్టీ టాక్సు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడతాం గానీ, అది ఇంటి మీద వసూలవుతుంది. జనవరి 1 నాటికి స్థలంలో ఏముంటే దాని మీదే ఆ ఏడాది పన్ను. మీ ఇల్లు వేసవిలో పూర్తయితే మొదటి బిల్లు దాదాపు ఖాళీ స్థలానికే వస్తుంది. లక్షన్నర విలువ చేసే స్థలానికి 2 శాతం లెక్కన 3,000 డాలర్లు. మరుసటి ఏడు 6 లక్షల ఇంటికి 12,000. నెలకి 250 కాస్తా 1,000 అవుతుంది. పన్ను కోసం కిస్తీతో పాటు కట్టే ఎస్క్రోలో తక్కువ పడిన పాత బాకీ దానికి తోడు. కిస్తీ పెరిగిందని లోను కంపెనీ ఉత్తరం వచ్చిన రోజున భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్న ఇళ్లు నాకు తెలుసు. చాలా కొత్త కమ్యూనిటీల్లో మామూలు పన్నుకి తోడు, రోడ్లూ నీటి వసతులకి వేసే ఎంయూడీ పన్నో, పీఐడీ కిస్తీయో ఉంటుంది. ఈ ఇంటికి ఉందో లేదో బిల్డరు ఆఫీసులో నోటిమాటగా కాదు, కాగితం మీద అడుగు. చేరగానే హోమ్‌స్టెడ్ మినహాయింపుకి అర్జీ పెట్టు. దానికి పౌరసత్వం అక్కర్లేదు. స్కూలు పన్నులో 2025 నుంచి 1,40,000 డాలర్ల విలువ మినహాయిస్తున్నారు.

తూర్పు ముఖానికి బిల్డరు ఎక్కువ అడిగినా, మీ మనసుకి తృప్తి అయితే ఇవ్వండి. కానీ వాన నీళ్లు గోడల వైపు కాకుండా బయటికి పోయే వాటం ఉందో లేదో అంతకన్నా ముందు చూడండి. అక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఆగస్టులో పునాది పక్కన వేలు దూరేంత నెర్రె విచ్చుతుంది. అందుకే ఎండాకాలం పునాది చుట్టూ సోకర్ హోసు పరుస్తారు. కొత్త ఇల్లే కదా అని ఇన్‌స్పెక్టరుకిచ్చే డబ్బు మిగుల్చుకోవద్దు. ఏడాది వారంటీ ముగియకముందే, పదకొండో నెలలో, ఇంకోసారి చూపించు. వడగళ్లకి రూఫ్ పోతే ఇన్సూరెన్సులో ముందు నీ చేతినుంచి ఎంత పెట్టాలో కూడా అడుగు. ఇంటికి 6 లక్షల ఇన్సూరెన్సు ఉంటే, అందులో 2 శాతం అంటే 12,000 డాలర్లు!

మీ నాన్న, అదే మా అన్నయ్య, ఊళ్లో పొలం అమ్మి డబ్బు పంపుతానన్నాడట. వద్దు నాన్నా. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి పంపిన సొమ్ము మీద ఇండియాలో బ్యాంకు 20 శాతం టీసీఎస్ పన్ను పట్టుకుంటుంది. తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చు. నా బాధ అది కాదు. వదినకి మోకాళ్ల నొప్పులు, అన్నయ్యకి షుగరు. రేపు అవసరమొస్తే వాళ్లకి ఉన్నది ఆ పొలమే. మీకు చాలకపోతే ఒక గది తగ్గించుకోండి.

పాత ఇల్లు కొనేటప్పుడు మనసు మార్చుకోవడానికి ఆప్షన్ పీరియడ్ రాసుకుంటారు. బిల్డరు కాంట్రాక్టులో చాలాసార్లు అది ఉండదు. వెనక్కి తగ్గితే కట్టిన ఎర్నెస్ట్ మనీ పోవచ్చు. అందుకని ఆదివారం మోడల్ హోముకి వెళ్లినా సంతకం మాత్రం చేయొద్దు. కాంట్రాక్టు, టాక్సు కాగితాలు నాకు పంపించు. నువ్వూ, కోడలూ, నేనూ కూర్చుని ప్రతి పేజీ చదువుదాం. ఆ తర్వాతే పెన్ను పట్టుకో.