ఈ పద్దు ఎవరి పేర రాయాలి?

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. తత్వశాస్త్రం నాకు తెలియదు. అయినా ఒక ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు.

2020 మార్చి 22 సాయంత్రం చెన్నైలో మా ఫ్లాట్ల వాళ్ళమంతా మేడమీద చేరి ఆసుపత్రి సిబ్బంది కోసం చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. రెండో అంతస్తులో అద్దెకున్న నర్సమ్మాయి ఆ వేళ డ్యూటీలో ఉంది. నెల తిరక్కుండానే, ఆమె చేత ఇల్లు ఖాళీ చేయించమని యజమానికి ఉత్తరం రాశాం. అందులో నా సంతకమూ ఉంది. ఆ ఏప్రిల్ 19 రాత్రి ఇదే నగరంలో, కరోనాతో పోయిన ఒక డాక్టరు శవాన్ని పూడ్చనివ్వకుండా జనం రాళ్ళు రువ్వారు. చివరికి సాటి డాక్టరే పార పట్టి మట్టి కప్పాడు. పేపర్లో చదివి "ఛీ, ఏం మనుషులు!" అన్నాను. నా సంతకం మాత్రం గుర్తుకు రాలేదు.

యజమాని మంచివాడు కనుక ఆమె ఇల్లు నిలిచింది. తిరుత్తణి వైపు మన తెలుగువాళ్ళమ్మాయే. 2021 చివర్లో లోను పనిమీద మా బ్రాంచికి వచ్చి, సంతకాలు పెడుతూ పెడుతూ ఆగింది.

"మే నెలలో ఒక రాత్రి ఆక్సిజన్ బెడ్డు ఒక్కటే ఖాళీ అయింది సార్. వరండాలో ఇద్దరున్నారు. డాక్టరు చిన్నవయసాయన్ని చూపించాడు. తోసుకెళ్తుంటే రెండో ఆమె నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. తప్పు నాదేనా?"

"కాదమ్మా, మీరు దేవుళ్ళు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. దేవుడికి నిద్రపట్టకపోవడం ఉండదు కదా! ఆ ఒక్క మాటతో ఆమె నోరు నేనే మూశాను.

వియత్నాం యుద్ధం చూసివచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే, న్యాయాన్ని పైఅధికారమే వంచించినప్పుడు మనసుకు తగిలే దెబ్బను 'నైతిక గాయం' అన్నాడు. ఆ మాటే కరోనా వార్డుల దాకా వచ్చింది. తప్పు లేనప్పుడు మరిచిపోవచ్చు కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోలేను. ఒక ప్రాణం పోయింది. ఆ డెబిట్ ఎక్కడో ఒకచోట పడాలి. బెడ్డు లేకపోవడం వెనక ఎన్నేళ్ళ బడ్జెట్లున్నాయి, ఆసుపత్రి సంగతి ఒక్కసారైనా అడగకుండా ఓటేసిన నాలాంటి వాళ్ళున్నారు. ఏ పేర రాయాలో తెలియని పద్దును మేము సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అదీ కొన్నాళ్ళే, ఆడిటరు వచ్చి అడుగుతాడు. మనం దాన్ని ఆ పిల్ల గుండెలో వేసి పుస్తకం మూసేశాం. డ్యూటీలో కరోనా సోకి పోతే 50 లక్షల బీమా అని 2020 మార్చిలో కేంద్రం ప్రకటించింది, మంచిదే. బతికుండి నిద్రపట్టని వాళ్ళకు ఏ పద్దు రాశాం?

మొన్న సంఘం బీరువాలో ఆ ఉత్తరం నకలు దొరికింది. పదకొండు సంతకాలు, నాది మూడోది. లోను వాయిదా కట్టడానికి వచ్చినప్పుడల్లా "బాగున్నారా సార్?" అని ఆమె పలకరిస్తూనే ఉంది. ఆ కాగితం సంగతి నేనింకా చెప్పలేదు.