స్ఫురణకు జవాబుదారీ ఉందా?

బొమ్మ ఎలా వేశావని చిత్రకారుణ్ణి అడిగితే, ముందుగా తనకేమీ తెలియదంటాడు. కుంచె పట్టగానే చెయ్యి దానంతటది నడిచిందనీ, మనిషీ చెట్టూ గుట్టా వాటంతటవే వచ్చి నిలిచాయనీ అంటాడు. ఈ మాటను నేను కొట్టివేయను. కాని దీన్ని ఆసరా చేసుకొని, తోచినది వేసినవాణ్ణి ఎవరూ ప్రశ్నించరాదని వాదించేవారున్నారు. ఇటలీ తాత్త్వికుడు క్రోచే 1902లోనే స్ఫురణే కళ అన్నాడు. అది మనసులోనే పూర్తవుతుందట, గోడకెక్కించడం బాహ్యవ్యాపారమట! చేతికి సున్నం అంటనివాడి సిద్ధాంతం.

2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షికి వెళ్లి, వీరభద్రాలయపు కప్పు చూడండి. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ రాజోద్యోగి విరూపణ్ణ వేయించిన బొమ్మలవి. సున్నపు పూతమీద ఎర్రకావి, పసుపు, మసినలుపు. కిరాతార్జునుల కథలోని అడవిపంది గీత ఎక్కడా తడబడదు. ఆలోచిస్తూ గీస్తే ఆ గీత రాదు, నిజమే. ఆలోచించకుండా గీయగలగడానికి ఎన్ని తరాలు రంగులు నూరి ఉండాలి! స్ఫురణ అంటున్నది పేరుకొన్న శ్రమనే.

శ్రమతోపాటు పేరుకొన్నది మరొకటి ఉంది. చీరల అంచులు, కుళ్లాయిలు, నగలు ఎంతో శ్రద్ధగా వేశారు. విరూపణ్ణ, వీరణ్ణ సపరివారంగా దేవుడి చెంత నిలిచారు. ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథకూ చోటు దొరికింది. కాని గుడి నిలిచిన కూర్మశైలం మీదినుంచి నలుదిక్కులా కనిపించే నేల, దాన్ని దున్నినవాడు, కప్పుకు ఎక్కలేదు. వద్దని ఎవరూ ఆజ్ఞాపించి ఉండనక్కరలేదు. తోచి ఉండదు, అంతే. ఆ తోచకపోవడమే నన్ను వేధిస్తుంది.

వారిని నిందించి మనం తప్పించుకోలేము. ఇవాళ కరువు బొమ్మ వేయమంటే మన విద్యార్థి చెయ్యి క్షణంలో ఏం గీస్తుంది? బీటలువారిన నేల, ఒక మోడు, మబ్బుకేసి చూసే ముసలివాడు. మన సభల గోడపత్రాలు నేర్పిన స్ఫురణ ఇది. అలా బీటలువారేది రేగడి, చెరువడుగు బురద; ఈ సీమలో ఎక్కువగా ఉన్న ఇసుకపాలు ఎర్రనేల అలా పగలదు. తొలిగీతకు నేనెవరినీ నిలదీయను. చూసి కూడా దాన్ని ఉండనిచ్చినందుకు నిలదీస్తాను.

ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఊడలు దిగే వేళ అది మొహం చాటేసి, తరవాత నాలుగు చినుకులు రాలితే, వేరుశనగ చేను పచ్చగానే ఉంటుంది. కింద కాయ ఉండదు. పచ్చని కరువు! ఆ చేలో ఒక ఆడకూలి వంగి, చెట్టు పీకి, మన్ను దులిపి చూస్తుంది. పచ్చరంగు ముంచిన కుంచె ఆమె దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. తాతలు నేర్పిన గీత గానీ, గోడపత్రం నేర్పిన గీత గానీ అక్కడ సాయం రాదు. ఆమె చేతిలోని ఆ వట్టి వేళ్లను ఎలా వెయ్యాలో పొలానికి వెళ్లి చూసి రావలసిందే.